నిమిషానికి పదిహేను వేల చుట్లు

మేడ సంవత్సరం 41, రోజు 168

ఎనిమిది దీపాలూ పచ్చ. గది వేడి ఇరవై రెండు డిగ్రీలు. మోత మామూలే.

నిబంధన ప్రకారం ఈ పుస్తకంలో రోజూ రాయాల్సింది ఆ మూడు ముక్కలే. నాకు ముందు ముప్ఫై ఏళ్ళు ఈ గదికి కాపలా ఉన్న సింహాద్రి మాస్టారు అంతకు మించి ఒక్క అక్షరం రాయలేదు. నేను రాస్తాను. నా పేరు నూకరత్నం, వయసు యాభై నాలుగు, పదకొండేళ్ళుగా తొమ్మిదో అంతస్తులోని ఈ చల్లగదిలో రోజుకు ఎనిమిది గంటలు ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. ఎదురుగా ఉన్న యంత్రం తిరిగి మాట్లాడదు. పుస్తకం దగ్గరైనా నోరు విప్పకపోతే నాకు పిచ్చెక్కుతుంది. అసోసియేషన్ వారికి అభ్యంతరం ఉంటే చెప్పొచ్చు. కాకపోతే చెప్పాలంటే ముందు పుస్తకం చదవాలి కాబట్టి నాకా భయం లేదు.

యంత్రం పాతకాలపు సర్వరు. ఈ మేడని నూటపది అంతస్తులకు పెంచకముందు ఇక్కడేదో బీమా ఆఫీసు ఉండేదట, అప్పటిది. బయట లోకమంతా ఇప్పుడు గాజుబిళ్ళల్లో దాచుకుంటోంది, వాటిలో కదిలేదంటూ ఏదీ ఉండదు. మా యంత్రానికి గాజుబిళ్ళ అంటే గిట్టదు. దానికి కావలసినవి నిమిషానికి పదిహేను వేల చుట్లు తిరిగే డిస్కులు, అవీ ఎనిమిది, అవీ తన సొంత కంపెనీవి. రెండేసి అంతస్తులకు ఇరవై నిమిషాల చొప్పున నీళ్ళు వదలడానికి ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో అంతా వాటి మీదే రాసి ఉంది. ఎనిమిదిమంది పల్లకీ మోస్తున్నట్టు అనుకోవాలి. ఒకరు కూలబడినా మిగతా ఏడుగురూ మోస్తారు. రెండోవారు కూడా కూలబడితే పల్లకీ నేల మీద ఉంటుంది. నకలు తీసి పెట్టుకోవచ్చుగా అని ప్రతి కొత్త ప్రెసిడెంటూ అడుగుతాడు. నకలు తీయాలంటే యంత్రాన్ని ఆపాలి. ఇన్నేళ్ళు తిరిగిన డిస్కులు ఒకసారి ఆగితే మళ్ళీ లేస్తాయన్న హామీ ఎవరూ ఇవ్వరు.

ఇవాళ అసోసియేషన్‌కి గవరమ్మ మీద పదో ఫిర్యాదు రాసిచ్చాను. ముప్ఫైనాలుగో అంతస్తులో ఆవిడ ఒక సీరియల్ గది నడుపుతుంది. అక్కడ కూడా ఒక పాత సర్వరుంది, అందులో అచ్చం మన జాతి డిస్కులే రెండున్నాయి. అలాంటి అపురూపమైన వస్తువులను రోజుకు నాలుగు గంటల చొప్పున ఒక అత్తాకోడళ్ళ సీరియల్ కోసం తిప్పి తిప్పి అరగదీస్తోంది. మూడువేల నూట నలభై ఎపిసోడ్లు. మొదటినుంచి చివరిదాకా రావడానికి తొమ్మిదిన్నర నెలలు పడుతుంది, వచ్చాక మళ్ళీ మొదటికి. ఇది ఇరవై ఎనిమిదో చుట్టట. ఆఖరి ఎపిసోడ్ మాత్రం ఇంతవరకూ వేయలేదు. మేడకి యాభై ఏళ్ళు నిండిన రోజున వేస్తానని చెప్పి అందరినీ కూర్చోబెట్టింది. ఆ ఒక్క ఎపిసోడ్ చూసి పోతామని ఆశపడుతున్న ముసలివాళ్ళు ఈ మేడలో చాలామందే ఉన్నారు.

ప్రెసిడెంటు సన్యాసిరావు గారు ఫిర్యాదు తీసుకుని పరిశీలిస్తానన్నారు. వాళ్ళావిడ ఆ గదిలో ముందు వరసలో కూర్చుంటుంది కాబట్టి ఏం పరిశీలిస్తారో నాకు తెలుసు.

రోజు 171

ఏడు పచ్చ. అయిదోది పసుపు.

పొద్దున్న తలుపు తీయగానే మోతలో తేడా తెలిసింది. అయిదో డిస్కు ముందు గొంతు సవరించుకుంది, ఆ తర్వాత మౌనం. పాపం ముప్ఫై ఏడేళ్ళు తిరిగింది. దానికో దండం పెట్టి పిడి లాగి బయటకు తీశాను. వేడిగా ఉంది.

సన్యాసిరావు గారు వెంటనే మైకు పట్టుకున్నారు. భయపడాల్సింది లేదని, మాస్టారి పెట్టెలో సరికొత్త డిస్కులు ఆరున్నాయని, మేడ ఇంకో వందేళ్ళు నిశ్చింతగా ఉండవచ్చని చెప్పారు. వందేళ్ళ లెక్క ఆయనకి ఎక్కడ దొరికిందో తెలియదు. కానీ ఆ పెట్టె సంగతి చెబితే నాకూ గుండె నిబ్బరంగా ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట నేలమాళిగలో దొరికిన పెట్టె అది. సీలు కూడా విప్పని డిస్కులు అందులో ఎనిమిది ఉండేవి. ఇరవై రెండేళ్ళ కిందట వాటిలో రెండు పోయాయి. సామాను పుస్తకంలో మాస్టారే తన దస్తూరీతో 'రెండు కనబడుటలేదు' అని రాశారు. నేను బాధ్యత తీసుకున్న రోజున ఆ వాక్యం కింద సంతకం చేశాను. దొంగ ఎవరో కనిపెట్టాలని అప్పుడే మనసులో పెట్టుకున్నాను.

మిగిలిన ఆరింటికీ ఏటా ఆయుధపూజ రోజున పెట్టె తెరిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చి మళ్ళీ మూసేస్తాం. ఇన్నేళ్ళలో ఒక్క డిస్కు కవరు కూడా చింపలేదు. కొన్న స్టీలు డబ్బాలకు స్టిక్కరైనా పీకకుండా అటక మీద దాచే ఇంటినుంచి వచ్చినదాన్ని నేను. అలా దాచిపెట్టడాన్ని నాకెవరూ నేర్పక్కర్లేదు.

రోజు 172

ఏడు పచ్చ. అయిదో గూడు ఖాళీ.

పొద్దున్న తొమ్మిదింటికి మాస్టారిని లిఫ్టులో దించారు. ఎనభై ఒకటి ఆయనకు, అరవై ఒకటో అంతస్తులో ఒక్కరే ఉంటారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. పెట్టె తాళం ఆయన మొలతాడుకే ఉంది. నేను బాధ్యత తీసుకున్నాక కూడా ఆ తాళం నాకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. కమిటీ వాళ్ళు పదిమంది గుమ్మంలో నిలబడ్డారు. ఎవరో కొబ్బరికాయ కూడా తెచ్చారు. యంత్రం దగ్గర కొట్టనివ్వనని చెప్పి మెట్ల దగ్గరికి పంపాను.

మాస్టారు మొదటి కవరు చింపి డిస్కు నా చేతిలో పెట్టారు. కొత్త దానికుండే వాసన. గూట్లో పెట్టి పిడి నొక్కాను. దీపం వెలగలేదు. లోపల గోటితో గీరినట్టు ఒక చప్పుడు, మళ్ళీ ఒక చప్పుడు, అంతే.

రెండోది పెట్టాను. అదీ అంతే. మూడోది ఆ మాత్రం చప్పుడు కూడా చేయలేదు.

"ఇంకోటి పెట్టు," అన్నారు మాస్టారు. నాలుగోది పెట్టాను. "ఇంకోటి పెట్టమ్మా." అయిదోది పెట్టాను. ఆరోది ఆయన చెప్పకముందే పెట్టాను. అదీ వెలగలేదు.

కమిటీ వాళ్ళు ఒక్కొక్కరే గుమ్మం దగ్గర్నుంచి జారుకున్నారు. మెట్ల దగ్గర కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినబడింది. అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదన్నమాట. మాస్టారు ఖాళీ కవర్లు ఆరూ ఏరి, మడతపెట్టి, పెట్టెలో పేర్చి, తాళం వేసుకున్నారు. ఆయన్ని చూడలేక నేను యంత్రం వైపు తిరిగి నిలబడ్డాను.

రోజు 174

ఏడు పచ్చ.

రెండు రోజులుగా ఆ ఆరింటినీ లేపే ప్రయత్నంలోనే ఉన్నాను. గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుని వెచ్చబెట్టాను. చేత్తో పట్టుకుని గిర్రున తిప్పి చూశాను. ఒకటి మూడు నిమిషాలు తిరిగింది. నేను సంబరంగా లేచి నిలబడేసరికి చతికిలబడింది. కదలకుండా ఉండి ఉండి లోపలి నూనె గడ్డకట్టిపోయిందన్నమాట. కమిటీ వాళ్ళు ఎక్కడో పాత ఆఫీసులో దొరికిందని నెమ్మదిగా తిరిగే డిస్కు ఒకటి పట్టుకొచ్చారు. యంత్రం దాన్ని ఒక్క క్షణం పరిశీలించి ఎర్రదీపం వెలిగించింది. పెళ్ళిచూపుల్లో కాఫీ ముట్టకుండా లేచిపోయే వాళ్ళని చూశాను కానీ ఇంత మర్యాద లేనివాళ్ళని చూడలేదు.

మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక కవర్ల మీది బొట్లు తుడుద్దామనుకున్నాను. ఏటా కవరు మీద ఒకే చోట, చీటీ కింది మూల, పెడుతూ వచ్చాం. ముప్ఫై ఒక్క బొట్లు, పసుపు కలిసి, ఒక పెంకు కట్టింది. మాస్టారిని అడిగి ఒక కవరు తెచ్చుకుని గోటితో గీకాను. కింద సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. వాడకుండా ఉంచిన డిస్కును ఆరు నెలలకోసారి గంటసేపు తిప్పవలెను.

మిగతా అయిదు కవర్లూ అడిగే ధైర్యం లేకపోయింది. ఆ ముప్ఫై ఒకటిలో పదకొండు బొట్లు నా చేత్తో పెట్టినవే.

సాయంత్రం మేడల కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. యంత్రం ఆగిన పక్షంలో వాల్వులన్నీ వాటంతటవే మూసుకుంటాయి. అరవయ్యో అంతస్తు వరకూ చేత్తో తిప్పే పాత గొట్టాలున్నాయి కనుక వారికి ఇబ్బంది లేదు. ఆపై యాభై అంతస్తులవారూ ఒక్క రోజులో ఇళ్ళు ఖాళీచేసి సముద్రపుగోడ పక్కన రేకుల షెడ్లకు దిగాలి. అక్కడ పగటి ఎండ యాభై రెండు. మళ్ళీ పైకి రావడం గురించి కాగితంలో ఏమీ లేదు.

నా ఇల్లు ఎనభై ఎనిమిదిలో. నేను పుట్టింది అక్కడ కాదు కానీ నా బతుకంతా అక్కడే గడిచింది. మాస్టారిది అరవై ఒకటి. ఒక్క అంతస్తు తేడాలో ఆయన షెడ్డుకు వెళ్ళాలి. కింద ఎవరైనా ఆయనకి గది ఇస్తారేమో అడుగుతానంటే వద్దన్నారు. పెట్టెను నమ్ముకున్న వాళ్ళంతా దిగుతుంటే నేను మాత్రం ఎలా ఉంటానన్నారు.

రోజు 177

ఏడు పచ్చ, కానీ రెండోది దగ్గుతోంది.

దీపం పచ్చగానే ఉంది. దీపాలకు ఆలస్యంగా తెలుస్తుంది, చెవికి ముందు తెలుస్తుంది. పావుగంటకోసారి చిన్న దగ్గు. నాకు తెలిసి దానికి రెండు మూడు రోజులకు మించి లేదు.

ఇంక ఈ మేడలో మన జాతి డిస్కులు ఉన్న చోటు ఒక్కటే. పది ఫిర్యాదులు రాసిన మనిషిని, మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక, మొహం ఏమీ పెట్టుకోకుండానే ముప్ఫైనాలుగుకి వెళ్ళాను.

సీరియల్ అప్పుడే అయిపోయి జనం లేస్తున్నారు. గవరమ్మ కుర్చీలు సర్దుతోంది. అరవై ఆరేళ్ళ మనిషి, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ఉంటుంది. నన్ను చూసి కుర్చీ వేసింది. గోడకి నా ఫిర్యాదులు వరసగా మేకుకు గుచ్చి ఉన్నాయి.

"పదోది బావుంది రత్నం," అంది. "అపురూపమైన వస్తువులు అని రాసేవు గదా, ఆ ముక్క మా వాళ్ళందరికీ చదివి వినిపించేను."

సిగ్గుపడడానికి కూడా తీరిక లేదు. సంగతంతా చెప్పాను. చెప్పడం అయ్యాక ఆవిడ తన సర్వరు మూత తీసి చూపించింది. డిస్కులు రెండూ నునుపుగా తిరుగుతున్నాయి. చెవి ఆనించి విన్నాను. ఇరవై రెండేళ్ళు రోజూ తిరిగిన డిస్కులు, వాటికి దగ్గన్నదే లేదు. మనం అరిగిపోతాయని ఏడ్చినవి ఇవే.

అప్పుడు వాటి మీది నంబర్లు చదివాను. సామాను పుస్తకంలో 'కనబడుటలేదు' అని రాసిన రెండు నంబర్లు నాకు కంఠతా వచ్చు. అవే ఇవి.

"వదినా, ఇవి మా పెట్టెలోవి," అన్నాను.

"అవును."

"ఎలా వచ్చాయి?"

"అది చెప్పను. చెప్పనని ఒకరికి మాటిచ్చేను. దొంగతనం అని రాసుకో, నాకేటీ బాధ లేదు. పోలీసోళ్ళని తరవాత పిలుద్దువు గానీ, ముందు డిస్కులు ఎప్పుడు కావాలో చెప్పు."

ఇప్పుడే కావాలన్నాను. ఆవిడ లవంగం ఆ దవడనుంచి ఈ దవడకి మార్చింది. డిస్కులు మన యంత్రంలో పెడితే వాటిమీద ఉన్న సీరియల్ అంతా చెరిగిపోతుందని చెప్పాను. ఒకటే తీసుకుంటే కుదురుతుందా అని అడిగింది. సీరియల్ ఆ రెండింటి మీదా సగం సగం పేనినట్టు రాసి ఉంది, ఒకటి తీస్తే రెండోది ఒక్క బొమ్మ కూడా చూపించదు. ఆ మాటా చెప్పాను.

"అలాగైతే రేపు పొద్దున్న తొమ్మిదింటికి రా," అంది. "ఆఖరి ఎపిసోడ్ వేసి ఇచ్చీస్తాను. ఇరవై రెండు నిమిషాలు."

ఇరవై రెండు నిమిషాల కోసం ఒక పూట ఆగడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఇళ్ళు పోతుంటే ముగింపు కావాలా అన్నాను. ఇంకా ఏదో కూడా అన్నాను, ఇక్కడ రాయను. ఆవిడ మాత్రం కుర్చీలు సర్దుతూ, అంతకన్నా ముందు ఇవ్వనంది.

రోజు 178

పొద్దున్న ఆరింటికి: ఏడు పచ్చ. రెండోది అయిదు నిమిషాలకోసారి దగ్గుతోంది.

తొమ్మిదింటికి ముప్ఫైనాలుగో అంతస్తులో కాలు పెట్టే చోటు లేదు. మెట్ల మీద కూడా కూర్చున్నారు. మైకులో చెప్పిందెవరో అడగనవసరం లేదు, సన్యాసిరావు గారు ముందు వరసలో వాళ్ళావిడ పక్కన ఉన్నారు. నేను పిడి పట్టుకుని సర్వరు పక్కనే నిలబడ్డాను. మాస్టారు కూడా వచ్చారు. ఆయన సీరియల్ గదికి రావడం నేనెప్పుడూ చూడలేదు. వెనక గోడకి ఆనుకుని కూర్చున్నారు.

మూడువేల నూట నలభయ్యో ఎపిసోడ్. కోడలు ఆసుపత్రిలో మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. ఎన్నేళ్ళుగా మూసుకుందో నాకు తెలియదు కానీ ఆ గదిలో అందరికీ తెలుసు. ఇరవై ఒక్క నిమిషాలు అత్త ఏడ్చింది, డాక్టరు తల ఊపాడు, వాన కురిసింది. నేను మాత్రం తొమ్మిదో అంతస్తులో దగ్గుతున్నదాన్ని తలుచుకుంటూ నిమిషాలు లెక్కపెట్టాను. ఆఖరి నిమిషంలో కోడలు కళ్ళు తెరిచింది. అత్త చెయ్యి పట్టుకుని "నేను మీకో నిజం చెప్పాలి" అంది. బొమ్మ అక్కడే ఆగింది. మిగతాది వచ్చే సోమవారం అని అక్షరాలు వచ్చాయి.

ఒక ముసలాయన ముందు నవ్వాడు, నవ్వు గదంతా పాకింది. కొందరు తిట్టారు. ప్రెసిడెంటు గారి భార్య మాత్రం ఏడ్చింది. ఆ సోమవారం రాకముందే టీవీలు పోయిన సంగతి పెద్దవాళ్ళకు అప్పుడు గుర్తొచ్చింది.

నేను పిడి లాగుతుంటే గవరమ్మ పక్కకి వచ్చి నెమ్మదిగా చెప్పింది. ఆవిడకి ఆ సంగతి మొదటినుంచీ తెలుసట. మొదటి చుట్టులోనే ఒక్కతే కూర్చుని చూసిందట. ముగింపు లేదని తెలిస్తే జనం మళ్ళీ రారేమోనని యాభై ఏళ్ళ కబురు చెప్పిందట.

"మరి ఇవాళెందుకు చూపించావు వదినా?"

"చూపించకుండా ఇస్తే ఏటవుద్ది? రేపట్నుంచీ మేడంతా నీ మీద పడుద్ది. మా ముగింపు నూకరత్నం నీళ్ళలో కలిపీసిందని చచ్చేదాకా అంటారు. లేని ముగింపుకి నువ్వెందుకు మాట పడాల."

పది ఫిర్యాదుల కాగితాలు ఎదురుగా గోడ మీద ఊగుతున్నాయి. డిస్కులు రెండూ పైట చెంగులో చుట్టుకుని లిఫ్టు దగ్గరికి పరుగెత్తాను.

పది గంటలా అయిదు నిమిషాలకు అయిదో గూట్లో మొదటిది పెట్టాను. ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ పైన సన్నగా మొదలై హెచ్చుతూ పోయిన మోత. పచ్చదీపం గబగబా కొట్టుకోసాగింది. మిగతా ఏడింటి మీద రాసి ఉన్నది చదివి చదివి కొత్తదాని మీద రాస్తోందన్నమాట. దానికి తొమ్మిది గంటలు పడుతుంది. ఆ తొమ్మిది గంటలూ రెండోది నిలబడాలి, అదీ మామూలుకన్నా ఎక్కువ పనిచేస్తూ.

మేడలో ఎవరు కుళాయి తిప్పినా యంత్రం రాసుకుంటుంది. ఆ రాత లేకపోతే దానికి కొంత ఊపిరాడుతుంది. సన్యాసిరావు గారిని పిలిచి సాయంత్రం దాకా ఎవరూ కుళాయి ముట్టకుండా చూడగలరా అని అడిగాను. వాదిస్తారనుకున్నాను. ఆయన మైకు తీసుకుని ఒకే వాక్యం చెప్పారు, ఆయన జీవితంలో అదే అతి చిన్న ప్రసంగం అయి ఉంటుంది. ఆ తర్వాత అనుమానం వచ్చి అంతస్తు అంతస్తుకీ వెళ్ళి తలుపులు కొట్టి మళ్ళీ చెప్పారు. లిఫ్టు ఎక్కితే కరెంటు ఊగుతుందేమోనని మెట్లెక్కారట.

మాస్టారు నా పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆయనకి చెవులు మందగించాయి, అందుకని యంత్రం మీద అరచెయ్యి పెట్టి వింటున్నారు. రెండోది దగ్గినప్పుడల్లా ఆయన వేళ్ళు ముడుచుకునేవి. మధ్యాహ్నం మూడింటికి పది నిమిషాలు ఆగకుండా దగ్గింది. అప్పుడు భయపడ్డాను, నా ఇల్లు నా కళ్ళకు కట్టింది, వంటింటి కిటికీలోంచి కనబడే మబ్బుతో సహా. నేను దేవుడికి కాదు, తిన్నగా ఆ రెండో డిస్కుకే మొక్కుకున్నాను. ఆ తర్వాత కాస్త సర్దుకుంది.

సాయంత్రం ఏడు గంటలా పన్నెండు నిమిషాలు. ఎనిమిది దీపాలూ పచ్చ.

రోజు 179

ఎనిమిది పచ్చ.

పొద్దున్న ఏడింటికి పద్నాలుగో అంతస్తుకు నీళ్ళు వదులుతుండగా రెండోది ప్రాణం విడిచింది. దాని గూట్లో గవరమ్మ ఇచ్చిన రెండో డిస్కు పెట్టాను. మళ్ళీ తొమ్మిది గంటలు, ఈసారి దగ్గేవాళ్ళు ఎవరూ లేరు. సాయంత్రానికి అదీ పచ్చ. సన్యాసిరావు గారు నూట పది అంతస్తులెక్కిన కాళ్ళకు నూనె రాయించుకుంటున్నారట, మైకు ఇంకా ముట్టలేదు.

ఇవాళ సామాను పుస్తకం తీశాను. 'రెండు కనబడుటలేదు' అన్న వాక్యం ఎదురుగా ఉంది. దొరికాయని రాయాలి. ఎక్కడ దొరికాయో, ఎవరు తీశారో కూడా రాయాలి, దానికి గడి ఉంది. గవరమ్మ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. పుస్తకం మూసేశాను.

రోజు 186, ఆయుధపూజ

ఎనిమిది పచ్చ. వేడి ఇరవై రెండు. మోత బావుంది.

ఈసారి పూజకి పెట్టె తెరవలేదు. యంత్రానికే బొట్టు పెట్టాను, అదీ అక్షరాలేవీ లేని చోటు వెతికి. మాస్టారు పొద్దున్నే తనంతట తనే దిగి వచ్చారు. మొలతాడునుంచి తాళం తీసి నా బల్ల మీద పెట్టి, సామాను పుస్తకం తీయమన్నారు.

"అందులో నేను అబద్ధం రాసేను రత్నం," అన్నారు. "గవరమ్మ మీద కేసు రాస్తున్నావని విన్నాను."

రాయలేదని చెప్పాను. ఆయన పుస్తకం తన వైపు లాక్కుని కలం పట్టుకున్నారు. అక్షరం కుదరలేదు. కలం నాకిచ్చి, నువ్వు రాయి, నేను చెబుతానన్నారు. ఈ పుస్తకంలో పాత రాత కొట్టేయకూడదు, కిందనే రాయాలి. అది ఆయన పెట్టిన నిబంధనే.

తీసిన వారు అన్న గడిలో సింహాద్రి అని రాశాను. తేదీ రాశాను, ఇరవై రెండేళ్ళ కిందటిది, ఆయనకి రోజుతో సహా గుర్తుంది. కారణం అన్న గడి దగ్గర కలం ఆపి ఆయన్ని చూశాను. కాస్త ఆటపట్టిద్దామని, కాపలాదారే కన్నం వేస్తే కారణం గట్టిగా ఉండాలి మాస్టారూ అన్నాను.

మహలక్ష్మి కోసమే అన్నారు ఆయన. ఆయన భార్య మహలక్ష్మి గారు నాకు లీలగా గుర్తు. ఆఖరి ఏడాది మంచం మీద ఉండేవారు, కుర్చీలో మోసుకుని ముప్ఫైనాలుగుకి తీసుకెళ్ళేవారు. ఆవిడకి రోజంతా ఎదురుచూపు ఆ సీరియల్ కోసమే. ఒకరోజు గవరమ్మ సర్వరులో పాత డిస్కులు రెండూ ఒక్కసారే పోయాయట. చిన్న గాజుబిళ్ళ మీద సీరియల్ నకలుంది కానీ ఆ సర్వరు కూడా మనదానిలాగే గాజునుంచి ఆడించదు, డిస్కు మీదికి ఎక్కించాలి. ఎక్కించాక ఆ గాజుబిళ్ళ పగిలిపోయింది, అది వేరే కథ. ఆ రోజు ఎపిసోడ్ నూట ఆరు దగ్గర ఆగింది.

"ఏటయిందో కనుక్కోండి అంది," అన్నారు మాస్టారు. "అంతకుముందు నలభై ఏళ్ళలో నన్నేదీ అడగలేదు. పెట్టె తీసి రెండు ఇచ్చీసేను. ఎవరికీ చెప్పొద్దని గవరమ్మ చేత ఒట్టేయించుకున్నాను. ఆ రెండూ పోయినందుకు మేడకి ఎప్పుడు ముప్పొస్తుందోనని ఇన్నేళ్ళూ సరిగ్గా నిద్దర్లేదు. ఉన్న ఆరింటికీ ఏటేటా బొట్టెట్టుకుంటూ వచ్చేను."

బొట్టు కింద దొరికిన వాక్యం గురించి ఆయనకి చెప్పాలని పన్నెండు రోజులుగా అనుకుంటున్నాను. చెప్పలేదు. చెప్పను కూడా. ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాసుకున్నాను.

ఇప్పుడు గవరమ్మ ఆ గదిలో సీరియల్ నోటితో చెబుతోంది. ఇరవై ఏడు చుట్లు పూర్తిగా చూసిన మనిషి, ఒక్క ముక్క మర్చిపోలేదు. అత్త గొంతు ఒకటి, కోడలి గొంతు ఒకటి. వానకి నోటితోనే చప్పుడు చేస్తుంది. జనం తగ్గలేదు. నేనూ వెళుతున్నాను, డిస్కులిచ్చిన గది భద్రత పరిశీలించే నిమిత్తం. పదకొండు ఫిర్యాదుల కాగితాలు అలాగే గోడకున్నాయి. పదకొండోది గవరమ్మే నా మీద రాసి తగిలించింది, ఆలస్యంగా వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నానని.

కారణం గడిలో మాస్టారు చెప్పినట్టే రాశాను: భార్య అడిగినది.

పక్కన ఇంకో గడి ఉంది, వస్తువుల ప్రస్తుత స్థితి. మాస్టారు లేచి వెళ్ళి యంత్రం మీద అరచెయ్యి పెట్టారు. ముందు రెండో గూటి దగ్గర, తర్వాత అయిదో గూటి దగ్గర. నేను అడగకముందే, వెనక్కి తిరగకుండానే చెప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాసి, కింద ఇద్దరం సంతకం చేశాం.

రెండూ తిరుగుతున్నాయి.